మూతలేని పైపులు

ధర్మవరం నుంచి తిరుమలకు నడిచిన మా స్నేహితుల గుంపులో మగ్గం నేసే ఆయన ఒకడున్నాడు. దారి పక్క చేలో ఎండిపోయిన బోరు కనిపిస్తే చాలు, రోడ్డు దిగి వెళ్లి, తెరిచి ఉన్న పైపు మీద బండరాయి పెట్టి వచ్చేవాడు.

"నీకెందుకప్పా ఈ పని?" అని ఒకసారి అడిగాను.

"మా పాప పడింది ఇట్లాంటిదాంట్లోనేన్నా. మాపటిదాకా నాయనా, నాయనా అని లోపల్నుంచి పిలుస్తానే ఉన్నింది."

ఆ తర్వాత పైపు కనిపిస్తే, ఆయన తిరిగొచ్చేదాకా మేమూ రోడ్డు మీద ఆగేవాళ్లం.

కదిరి దాటాక ఒక చేలో రాయి దొరకలేదు. మేం తొందరపెడితే పైపుకు గోనెసంచి కట్టి వచ్చాడు. అప్పటినుంచి అన్నం సరిగా తినలేదు. అలిపిరిలో మెట్ల ముందు ఆగిపోయాడు.

"మీరు పోండన్నా. నేను బస్సెక్కి కదిరికి పోతా."

"ఇంత దూరం నడిచొచ్చి, దర్శనం వద్దా?"

"సామి యాడికీ పోడు. ఆ సంచి గాలికి ఉంటాదో, పోతాదో."

కొండెక్కి, దర్శనం చేసుకుని, బస్సులో తిరిగొచ్చాం. ఆయనకు లడ్డూ ఇద్దామని ఇంటికి వెళ్తే భార్య ఒక్కతే ఉంది.

"ఇంకా రాలేదన్నా. పోయేటప్పుడు రోడ్డుకు ఆ పక్క చేలు చూడలేదంట. కదిరి నుంచి నడిచే వస్తాండాడు."