దారాన్ని తిట్టని దర్జీ

వీధిలో మిగతా దర్జీలంతా మిషన్లకు మోటార్లు పెట్టించుకున్నా ఆయన మాత్రం తొక్కుడు మిషను వదల్లేదు. "కాళ్లున్నవాడికి మోటారెందుకయ్యా?" అని నవ్వేసేవాడు. తల పూర్తిగా నెరిసినా ఆ తొక్కుడు ఆగలేదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు దారం తెంపి విసుక్కుంటే ఒకటే మాట: "దారాన్ని తిట్టకు, కాలు చూసుకో." కాలు తడబడితే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం చిక్కుపడి తెగుతుంది. పక్కనే కూర్చుని కాజాలు కుట్టే భార్య ఆ మాట ఎన్నిసార్లు విందో లెక్కలేదు.

నెమ్ము చేసి ఆయన్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఆమె మంచం దిగనిస్తే ఒట్టు. ఆయన కాలు కింద పెట్టబోతే చాలు, దుప్పటి లాగి కప్పేసేది. మొహం కడగడం, జావ తాగించడం అన్నీ మంచం మీదే.

"జ్వరం తగ్గింది కదమ్మా, రోజూ కాస్త లేపి నడిపించండి. ఈ వయసులో పడుకునే ఉంటే కండ ఇట్టే కరిగిపోతుంది," అంది నర్సు.

"జన్మంతా తొక్కిన కాళ్లమ్మా అవి! ఇప్పుడైనా కాస్త సుఖపడనివ్వండి," అని ఆమె గయ్యిమంది.

"మా ఆవిడ నన్ను మహారాజును చేసింది. సింహాసనం కింద బెడ్‌పాన్ కూడా పెట్టింది," అన్నాడాయన మురిసిపోతూ.

ఇంటికి పంపే రోజున, ఆయన తనకోసం తానే కుట్టుకున్న ప్యాంటు తొడిగింది. నడుము దగ్గర నిలవలేదు.

"ఎవడు కుట్టాడే ఇది? మనిషిని చూడకుండా కత్తిరించినట్టున్నాడు వెధవ!"

నవ్వబోతూ ఆమె ఆయన తొడ మీద చెయ్యి వేసింది. చేతికి గుడ్డే తగిలింది. నర్సు మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన మిషను దగ్గర కూర్చోబెట్టమన్నాడు. ఆ ప్యాంటు నడుము తనే బిగించాలట. భుజం పట్టి కూర్చోబెట్టింది. చేత్తో చక్రం తిప్పి పాదం ఆనించాడు. చక్రం సగం తిరిగి, ఆగి, వెనక్కి వచ్చింది. దారం తెగింది. ఆమె మళ్లీ ఎక్కించింది. మళ్లీ తెగింది.

"పాడు దారం! పుచ్చిపోయినట్టుంది," అంది ఆయన మొహం చూడకుండా.

ఆయన తన పాదం వంక చాలాసేపు చూశాడు. "దారాన్ని తిట్టకే," అన్నాడు మెల్లగా.

"అయితే నన్ను తిట్టండి. మిమ్మల్ని లేవనివ్వనిది నేనే కదా."

ఆయన తిట్టలేదు. "దారం ఎక్కించు," అన్నాడు.

ఎక్కించి, నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ తొక్కుడు పలక మీద, ఆయన పాదం కింద పెట్టి నొక్కింది. చక్రం ముందుకు తిరిగింది. పైన కుట్టు సాగుతోంది. ఇన్నేళ్లూ ఇల్లంతా అదిరేలా తొక్కిన ఆ పాదం ఆమె వేళ్ల మీదే ఉంది. బరువే తెలియడం లేదు.