ఎనిమిది జాగాల ప్రోటీన్, నా చొక్కా చెయ్యి

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచిపోవచ్చు. టీ తాగి మరీ వెళ్లండి. కానీ సగంలో "అన్నీ కోతలే" అన్నారంటే మాత్రం ఊరుకునేది లేదు! పోయిన నెల మణుగూరులో, క్లాసు నిండా పిల్లలు చూస్తుండగా, నలభై ఏళ్లు కత్తెర పట్టిన నా చొక్కాకే కత్తెర పడింది.

నా సంగతి మీకు చెప్పక్కర్లేదు. పెనుబల్లి చుట్టుపక్కల నా కుట్టు లేకుండా పెళ్లి జరగదు. ఒకసారి వాన మొదలై వెలిసేలోపు ముప్పై రవికలు కుట్టి, హుక్కులు పెట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాను. సరే, అది వదిలేయండి.

మా చెల్లెలి కూతురు సుజాత బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. మణుగూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ పోస్టు పడింది. పోస్టు ఒకటి, పిలిచింది ఇద్దరిని. పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి. ఇది పోతే హైదరాబాదులో మందుల కంపెనీయే గతి. అక్కడికి పోవడం పిల్లకు సుతరామూ ఇష్టం లేదు.

"మామా, రెండు గజాల పట్టీ ఒకటి కుట్టియ్యవా? హుక్కు, కాజా, హుక్కు, కాజా... వరసగా ఎనిమిది జాగాలు" అంది.

"ఏందే, ఏనుగుకు రవికనా?"

"కాదు మామా, ప్రోటీన్!"

మన ఒంట్లో ప్రోటీన్ ముందు పొడుగాటి దారంలా తయారవుతుందట. సరిగ్గా మడతపడితేనే పనికొస్తుందట. దారంలో గంధకం ఉన్న జాగాలు రెండేసి జతకట్టి ఆ మడతను పట్టి ఉంచుతాయి. అవే మన హుక్కులూ కాజాలూ. తప్పు జతలు పడితే విప్పి, సరైన జతలు కుదిర్చే ఎంజైమ్ ఒకటుంది. పేరు ప్రోటీన్ డైసల్ఫైడ్ ఐసోమరేజ్. పొట్టిగా పీడీఐ.

"అంటే లోపల గూడ ఒక దర్జీ ఉన్నడన్నట్టు!"

"అవ్ మామా. నీకంటే ఓపికున్నోడు."

పాఠం రోజు పొద్దున్నే సుజాత పట్టీని మడిచి, హుక్కులు తగిలించి సంచిలో పెట్టింది. దాంట్లో నిమ్మకాయ ఎట్లా కూర్చుంటుందో ఏదో చెప్పింది. నేను మీసాలకు నూనె రాసుకుంటూ సగమే విన్నాను. నా చేతి కుట్టు కాలేజీ ఎక్కుతుంటే నేను ఇంట్లో కూర్చుంటానా? వెంట బయల్దేరాను.

కొత్తగూడెం దాటి బస్సు అడవిలో పడింది. సుజాత కిటికీకి తల ఆనించి కునుకు తీస్తోంది. ఊరికే సంచి తెరిచి చూశాను. ఒకటో హుక్కు పోయి పోయి ఆరో జాగాలో కాజాకు! రెండోది ఏడోదానికి, మూడోది ఎనిమిదోదానికి! ఇట్లాంటి రవిక బయటికి పోతే నేను కొట్టు మూసుకోవాలి. పాపం, పిల్లకు చదువే వచ్చు, హుక్కు పెట్టడం రాదు అనుకున్నాను. బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడుతున్నా, చెయ్యి వణక్కుండా అన్నీ విప్పి, పక్కదాన్ని పక్కదానికే తగిలించాను. ఎంత ముచ్చటగా ఉందో!

క్లాసులో ముందు బెంచీ మీద ప్రిన్సిపాల్. వెనక బెంచీలో నేను. సుజాత సంచిలోంచి పట్టీ తీస్తూ, "సరిగ్గా మడతపడిన ప్రోటీన్ ఇలా గూడులా ఉంటుంది. పట్టుకోవాల్సినదాన్ని పట్టుకుంటుంది" అని నిమ్మకాయ పెట్టింది.

గూడు లేదు. పట్టీకి నాలుగు చిన్న ఉంగరాలు వేలాడుతున్నాయి. నిమ్మకాయ కిందపడి, దొర్లుకుంటూ పోయి ప్రిన్సిపాల్ బూటు దగ్గర ఆగింది.

సుజాత చూపు నేరుగా నా మీద పడింది. "మామా! నువ్వేనా?"

"సరిచేసిన బిడ్డా!" అన్నాను గర్వంగా.

క్లాసంతా ఘొల్లుమంది. పిల్ల ముఖం పాలిపోయింది. పోస్టు పోయినట్టే అనుకున్నాను. కానీ అది ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, "సర్, తప్పు మడత అంటే ఇదే" అంది. "అన్నీ జతపడ్డాయి. చూడ్డానికి బాగుంది. పని మాత్రం చేయదు. ఇప్పుడు పీడీఐ వచ్చి సరిచేస్తుంది. రా మామా!"

రాజు దర్బారుకు నడిచినట్టు నడిచాను. అది నంబర్లు చెబుతుంటే నేను విప్పి తగిలించాను. మూడు జతలు కనురెప్ప కొట్టేలోపు అయిపోయాయి. నాలుగో జత దగ్గర చప్పట్లు కొడతారేమోనని పిల్లలవైపు చూశాను. అంతే. హుక్కు నా చొక్కా చేతి అంచులో దిగింది. లాగాను. ఇంకోటి దిగింది. రెండో చెయ్యి వేశాను. అదీ చుట్టుకుంది.

ప్రిన్సిపాల్ అడిగారు: "అమ్మా, ఆ పీడీఐకే ఏమన్నా అయితే?"

"ఇదిగో సర్, ఇట్లే అవుతుంది!" అంది సుజాత. "కొన్ని మెదడు జబ్బుల్లో పీడీఐ కూడా దెబ్బతింటోందని ఈమధ్యే కనుక్కున్నారు. అప్పుడు తప్పు మడతలు విప్పే దిక్కుండదు. అవి ఒకదానికొకటి చుట్టుకుని గుట్టపడతాయి. చివరికి కణమే చచ్చిపోతుంది."

కణం ఎట్లా చస్తుందో నేను అప్పటికే కళ్లకు కట్టినట్టు చూపిస్తున్నాను.

అటెండరమ్మ ఆఫీసు కత్తెరతో పరుగున వచ్చింది. "కదలకు పెద్దయ్యా!" అంటూ మోచేతి దాకా పరపరా కోసింది. అదీ వంకరగా! కోసినందుకు కాదు, ఆ వంకరకు ఏడుపొచ్చింది నాకు.

వారం తిరక్కుండా పోస్టు సుజాతకే వచ్చింది. "నా వల్లే గదే!" అన్నాను.

"మామా, నువ్వు చెడగొట్టిందాన్ని విప్పి సరిచేసుకున్నది నేను. ఆ రోజు పీడీఐ నేనే. నువ్వు జబ్బువి" అంది.

అననీయండి. పాఠం మొత్తం నా చేతి మీదే నడిచిందా లేదా? సాక్ష్యం కావాలంటే మణుగూరు వెళ్లి అడగండి. నా చొక్కా చేతి ముక్కతో ఆ అటెండరమ్మ ఇవాళ్టికీ ఆ క్లాసులో బోర్డు తుడుస్తోంది. పేరు సోమక్క.