మన్ననూర్ నిద్ర దర్గాకు అమ్మ చీరతో

పోయిన వానాకాలంలో అమ్మ చనిపోయింది. అప్పటినుంచి ఒక్కసారి కూడా నా కలలోకి రాలేదు. అన్నయ్యకు వచ్చింది. పక్కింటావిడకు కూడా కనిపించి చింతచిగురు ఉందా అని అడిగిందట. హైదరాబాద్‌లో నేను కలిసే కౌన్సెలర్ ఇది మామూలేనని, కొందరికి దుఃఖంలో కలలు ఆగిపోతాయని, ఎదురుచూడమని చెప్పింది. ఎదురుచూస్తూ సూఫీల గురించి చదవడం మొదలుపెట్టాను. నిద్రలో ఆత్మ కాసేపు ఒంటిని వదిలి తిరుగుతుందని, ఆ తిరుగుడులో దొరికిన కబురే కల అని వాళ్లు నమ్ముతారు. కల మనసు లోపలే పుడుతుందని కౌన్సెలర్ అంటుంది. ఎక్కడినుంచి వచ్చినా నాకు పేచీ లేదు. వస్తే చాలు.

నల్లమల అంచున, మన్ననూర్ దగ్గర ఒక చిన్న దర్గా ఉందని, చనిపోయినవాళ్ల బట్ట తల కింద పెట్టుకుని అక్కడ పడుకుంటే వాళ్లు కలలోకి వస్తారని మా వనపర్తిలో చిన్నప్పుడే విన్నాను. చుట్టుపక్కలవాళ్లు దాన్ని నిద్ర దర్గా అంటారు. ఒకప్పుడు గురువారం రాత్రి పడుకునేవారట. ఇప్పుడు పులుల అడవి నిబంధనల వల్ల సాయంత్రం తర్వాత ఎవరినీ ఉండనివ్వరు. అందుకని నిద్ర మధ్యాహ్నానికి మారింది.

మార్చి చివరి గురువారం పొద్దున్నే వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కాను. గంటన్నర ప్రయాణం. అక్కడినుంచి అచ్చంపేట ఇంకో గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు. అచ్చంపేటలో మన్ననూర్ బస్సు కోసం ముప్పావుగంట ఆగాలి. ఇడ్లీ అక్కడే తినేయడం మంచిది, తర్వాత ఏమీ దొరకదు.

ఆ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ పేరు లక్ష్మమ్మ. గద్వాలలో మగ్గం ఇల్లు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ముదురు గళ్ల లుంగీ.

"ఏడికి బిడ్డా?"

"మన్ననూర్."

"నిద్రకా?"

తల ఊపాను. నాకు కొత్తవాళ్లతో మాటలు రావు. ఆమెకు ఆ ఇబ్బంది లేదు.

"నేను గూడ గందుకే. మా ఆయన పోయి మూడేండ్లాయె. ఒక మాట అడుగుదమని."

"ఏం మాట పెద్దమ్మా?"

"అది ఆయన్ని అడుగుత. నీకెందుకు చెప్త?"

నా సంచిలోంచి పట్టు అంచు కనిపించి ఆమె చెయ్యి దానిమీదికి పోయింది. ఆకుపచ్చ నూలు చీర, మెరూన్ అంచు. "మా గద్వాలదే. ఎవలది?" అంది. అమ్మది అన్నాను. అంచు కలిసేచోట బొటనవేలితో తడిమి, చీరను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ మడిచి నా ఒళ్లో పెట్టింది. మన్ననూర్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మన్ననూర్‌లో ఆటోకు రానూ పోనూ నూట యాభై. డ్రైవర్ నా వయసువాడే. "పగటి పూట నిద్రపోనీకి గింత దూరం వస్తరక్కా. ఇంట్ల నేను పండుకుంటె మా ఆమె చీపురు తీస్తది" అన్నాడు. "నీది నిద్ర గాదు, సోమరితనం" అంది లక్ష్మమ్మ. నాలుగు దాటకముందే బయటికి రావాలని, లేకపోతే చెక్‌పోస్టు వాళ్లు తనను తిడతారని అతను రెండుసార్లు చెప్పాడు.

రోడ్డు దిగి కాస్త నడవాలి. తునికి చెట్లు, వాటి మధ్య ఒక పెద్ద ఇప్పచెట్టు, దాని కింద సున్నం వేసిన సమాధి. రాలిన ఇప్పపూల తీపి వాసన ఊపిరాడనివ్వనంత గట్టిగా ఉంది. అందులో ఉన్న వలీ, ఆ సూఫీ సాధువు, అడవిని వదిలి ఎప్పుడూ ఊళ్లోకి రాలేదట. చెట్లే తన మురీదులు, తన శిష్యులు అనేవాడట. దర్గాను చూసుకునే ముజావర్ తాత కాళ్లూ చేతులూ కడుక్కోమని చెంబు ఇచ్చి, మేం తెచ్చిన గుడ్డలు అడిగి తీసుకున్నాడు. లుంగీని వాసన చూసి లక్ష్మమ్మకు ఇచ్చేశాడు. నా చీర దగ్గర ఆగాడు.

"ఉతికినవా బిడ్డా?"

"ఉతికాను. దర్గాకు కదా అని."

"మనిషి కడుక్కోవాలె. గుడ్డ కడగొద్దు."

"ఎందుకు తాతా?"

"నాకు తెల్వదు. మా నాయన గిట్లనే అడుగుతుండె. వాసన పట్టుకోని వస్తరంటరు. నేనైతె ఎవల్నీ చూడలె." నేను ఏడుస్తూ ఏదేదో చెప్పుకుపోయాను. అంతా విని, "పండుకో. రాసి ఉంటె వస్తది" అన్నాడు.

అమ్మ ఆ చీరను చివరిసారి దవాఖానకు కట్టుకుంది. దాన్ని కవరులో చుట్టి బీరువాలో దాచాను. భరించలేని రోజుల్లో కవరు మూతి కొంచెం విప్పి వాసన చూసి మళ్లీ కట్టేసేదాన్ని. కొబ్బరినూనె, వాము. కడుపునొప్పికని అమ్మ ఎప్పుడూ కొంగుకు చిటికెడు వాము ముడి వేసుకునేది. నేను చదివిన కాన్వెంట్‌లో సిస్టర్లు మాసిన బట్టతో ప్రార్థనకు రానిచ్చేవారు కాదు. పవిత్రమైన చోటికి ఎలా వెళ్లాలో నాకు తెలిసింది అదొక్కటే. బయలుదేరే ముందురోజు కొంగు ముడి విప్పి, వాము పెరట్లో దులిపి, చీరను సబ్బుతో రెండుసార్లు ఉతికాను.

సమాధి పక్కన చాప వేసుకుని చీర మీద తల పెట్టాను. సబ్బు వాసన. దాని మీదుగా ఇప్పపూలు. ఎక్కడో నెమలి అరిచింది. అలసిపోయి ఉన్నానేమో, నిద్ర పట్టింది. లేచేసరికి ఎండ చెట్టు అవతలికి పోయింది. కల రాలేదు. నల్లటి, ఖాళీ నిద్ర.

లక్ష్మమ్మ లేచి కూర్చుని నవ్వుతోంది.

"వచ్చిండు. అగ్గిపెట్టె ఏడ పెట్టినవ్ అన్నడు. మూడేండ్లకు వచ్చి, అడిగేది గిదా? ఆడ గూడ బీడీలే."

"మీరు అడగాలనుకున్న మాట?"

"యాదికే రాలె" అని, నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకుంది. "నీకు?"

తల అడ్డంగా ఊపాను. ఆమె చీర అందుకుని కింది అంచుకు లోపల కుట్టిన ఫాల్ గుడ్డను వెతికి, పంటితో నాలుగు కుట్లు తెంచింది. "మడతల నీళ్లు సక్కగ పోవు. చూడు" అని ఆ చిన్న సందును నా ముక్కుకు ఆనించింది. సబ్బు. ఆమె కూడా వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"వస్తున్నది బిడ్డా. వాము."

మళ్లీ చూశాను. నాకు రాలేదు. నిజంగా వచ్చిందో, నాకోసం అందో అడగలేదు. పొద్దున బస్సులో వాము గురించి ఆమెకు నేనే చెప్పానా అని తిరుగు ప్రయాణమంతా ఆలోచించాను. ముజావర్ తాతతో మాట్లాడుతూ ఏడ్చినప్పుడు చెప్పే ఉంటాను.

ఇంటికొచ్చి చీరను అదే కవరులో పెట్టాను, ఎందుకో తెలియకుండానే. పెరట్లో వాము దులిపినచోట నేను లేనప్పుడు కురిసిన జల్లుకు మట్టి అణిగిపోయి ఉంది. పోయినవాళ్లను చేరడానికి మనసు లోపలినుంచి ఒక దారి, బయటినుంచి ఒక దారి ఉంటాయని పుస్తకాల్లో చదివాను. నాకున్న దారి ఆ చీరలో ఉండేది. దాన్ని భక్తితో, శ్రద్ధగా, నా చేతులతోనే ఉతికేశాను. అమ్మ ఇక వస్తుందని అనుకోవడం లేదు. పడుకునేముందు మాత్రం కాసేపు ఎదురుచూస్తాను.

వెళ్లాలనుకునేవాళ్లు గురువారం పదకొండుకల్లా మన్ననూర్ చేరండి, నీళ్లు మీరే తీసుకెళ్లండి. మీవాళ్ల బట్టను ఉతకకండి. కొంగుకు ముడి ఉంటే విప్పకండి.