వానలో మోటారు వేసిన ఇంజినీరు

నా తెలివి ఒకసారి ఎకరం పసుపును ముంచబోయింది. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మా చిన్నమ్మకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

నేలలో తేమ కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు అమ్మే కంపెనీలో నేను అప్పుడే చేరాను. భీమ్‌గల్ దగ్గర చిన్నమ్మ పసుపు చేనులో మూడు సెన్సర్లు పాతి, బోరు మోటారును నా ఫోన్‌కు కలిపాను. చిన్నాయన దుబాయిలో ఉండేవాడు. ఇంటికీ చేనుకూ ఆమె ఒక్కతే దిక్కు.

"ఇగ నీకు ఫికర్ లేదు చిన్నమ్మా. మట్టికి దూపైతే నాకు ఫోన్‌ల చెప్తది" అని, మట్టి దాహం కూడా నాకే తెలుస్తుందన్నట్టు కోతలు కోశాను.

శ్రావణంలో ఒక పొద్దున ఆర్మూర్‌లో చాయ్ తాగుతున్నాను. రేకుల మీద వాన దంచికొడుతోంది. ఫోన్ మోగింది: తేమ లేదు! మూడు సెన్సర్లదీ ఒకటే మాట. వెంటనే మోటారు ఆన్ చేశాను.

"గింత వానల నీళ్లెందుకు తమ్మీ?" అన్నాడు చాయ్ పోస్తున్నాయన.

"గీడ పడుతుందన్నా, గాడ పడుతలేదు. మిషిన్ అబద్ధమాడదు."

చిన్నమ్మను ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ మనం ఇంజినీర్లం కదా, మనుషులను అడుగుతామా?

మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. "కొడుకా, మూడుసార్లు మోటర్ బంద్ వెట్టిన. మల్ల దానంతటదే నడుస్తుంది! చేనంత చెరువైంది. దుంప కుళ్లితే నేనేం గావాలె?" ఆగినప్పుడల్లా కరెంటు పోయిందనుకుని మళ్లీ ఆన్ చేసింది నేనే.

పరుగున వెళ్లాను. చేనులో ఒక్క సెన్సరూ లేదు.

"సెన్సర్లేవి చిన్నమ్మా?"

"వానకు తడుస్తయని తీసి, తుడిచి, బియ్యం డబ్బల వెట్టిన. ఫోన్ తడిస్తే నువ్వు గట్లనే వెడ్తవు గదరా? కొత్త నౌకరి, సామాను ఖరాబైతే నిన్ను తిడ్తరని..."

ఆ పిచ్చితల్లి వానలో తడుస్తూ నా ఉద్యోగాన్ని కాపాడింది. తడిలో ఉండడమే వాటి పని అని నేను ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

పొద్దు గూకేదాకా ఇద్దరం కాలువలు తీసి నీళ్లు బయటికి పంపాం. పసుపు బతికింది. ఏమైందని పక్క చేనాయన అడిగితే చిన్నమ్మ తడుముకోలేదు. "స్టార్టర్ ఖరాబైంది. మా పోరడు ఇంజినీరు గదా, వచ్చి మంచిగ జేసిండు" అంది. నా కళ్లు చెమర్చాయి.

మోకాలి లోతు బురదలో నిలబడి, చేతులు జోడించి ప్రమాణం చేశాను: పైన వాన కురుస్తుండగా, బియ్యం డబ్బాకు దాహమేసిందని ఈ జన్మలో మళ్లీ మోటారు వేయను.