ఎర్రనీటి బొమ్మ

రాజమండ్రి బొమ్మల మ్యూజియానికి వచ్చే జనమంటే అటెండరు చిట్టియ్యకు పరమ చులకన. ఎండకి తాళలేక ఫ్యాను కిందికి చేరేవాళ్లు కొందరు, సెల్ఫీల కోసం వచ్చేవాళ్లు మిగతావాళ్లు. బొమ్మకి వీపు చూపించి నిలబడి, ఫొటో తీసుకుని చక్కా పోతారు. గాడిదకేం తెలుసు గంధం వాసన అనుకుంటూ పద్దెనిమిదేళ్లుగా ఆ హాల్లో కాపలా కాస్తున్నాడు.

అలాగని అతనికి బొమ్మలన్నీ తెలుసనుకుంటే పొరపాటే. తెలిసిందల్లా గోడకున్న ఒక్క రంగుల బొమ్మ. పడవ, వల లాగే ఇద్దరు మనుషులు, చుట్టూ ఎర్రటి గోదారి. చిట్టియ్య ధవళేశ్వరంలో తాతల నాటి నుంచీ చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. ఆ ఎరుపు చూడగానే అది పులసలు ఎదురెక్కే కొత్త వరద అని పోల్చుకున్నాడు. గీసినవాడెవడో ఏట్లో కాళ్లు తడుపుకున్న మనిషే అని, లోకంలో ఆ ఒక్కడికే మర్యాద ఇచ్చేవాడు.

మంత్రిగారు వస్తున్నారని కబురు రాగానే కొత్త ఆఫీసరు సురేష్‌బాబు హాలంతా తిరిగి, ఆ బొమ్మ ముందు ముక్కు చిట్లించాడు.

"ఏంటిది, నీళ్లింత మురిగ్గా ఉన్నాయి? పాతబడి రంగు మారినట్టుంది. నీలం వేయించాలి."

"మురికి కాదండి, ఎర్రనీరండి. కొత్త వరదకి గోదారి అలాగే ఉంటదండి," అన్నాడు చిట్టియ్య.

"నువ్వేమన్నా ఆర్టిస్టువా? నీ కాంట్రాక్టు రెన్యువల్ ఈ నెలే కదూ?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే అని లోపల తిట్టుకున్నాడు చిట్టియ్య. పైకి మాత్రం, "ఆయ్, అలాగేనండి," అన్నాడు.

మర్నాడు బోర్డులు రాసే ఏసురాజు రంగు డబ్బాలతో దిగాడు. చిట్టియ్య స్టూలు వేసి, కదలకుండా పట్టుకున్నాడు. ఏసురాజు కుంచె ఎత్తి ఆగిపోయాడు.

"బాబాయ్, ఇది వరద నీరు కదా, ఎర్రగానే ఉండాలి కదా? నువ్వు వద్దంటే ఒంట్లో బాలేదని చెప్పేసి పోతాను."

హాల్లో ఇంకెవరూ లేరు. ఒక్క మాటంటే బొమ్మ దక్కుతుంది. చిట్టియ్యకు ముందు రెన్యువల్ కాగితం గుర్తొచ్చింది.

"మనకెందుకొచ్చిన గొడవ ఏసురాజూ. సారు చెప్పినట్టు వేసెయ్."

సాయంత్రానికి గోదారి మొత్తం నీలమైపోయింది. సురేష్‌బాబుకి తెలీదు, వేయించాడు. ఏసురాజు తెలిసి అడిగాడు. తెలిసీ వెయ్యమన్నది తనొక్కడే. కుళాయి దగ్గర, స్టూలు పట్టుకున్నప్పుడు చేతుల మీద చిందిన నీలం కడుక్కుంటుంటే చిట్టియ్యకు తన మొహాన తనే ఉమ్మేసుకోవాలనిపించింది.