నౌపడ ఉప్పుతో రష్యా మంచు

మా అక్క మొగుడికి, అంటే మా బావకి, సైనికుల పిచ్చి. పలాసలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తోటివాళ్లు స్థలాలు కొనుక్కుంటుంటే ఈయన నెపోలియన్ కాలపు కాల్బలం బొమ్మలు కొనుక్కున్నాడు. చూపుడువేలంత ఎత్తు లోహపు బొమ్మలు. నీలం కోటు, తెల్ల పట్టీలు, నల్ల బూట్లు, భుజాన తుపాకీ. పన్నెండేళ్లలో నలభై ఆరుగురు పోగయ్యారు. పార్సిల్ వచ్చినప్పుడల్లా ఇంటికి కొత్త అల్లుడు దిగినంత సంబరంగా నాకు ఫోన్ చేసేవాడు.

నాకు బొమ్మల పిచ్చి లేదు, చేతిపని పిచ్చి ఉంది. టెక్కలిలో మా ఇంటి వరండాలో చెక్కా జిగురూ ముందేసుకుని ఏదో ఒకటి చేయందే నాకు సెలవు గడవదు. అందుకే పోయినేడు బావ కంటి ఆపరేషన్‌కి అక్కతో విశాఖపట్నం వెళ్తూ, ఆ నలభై ఆరుగుర్నీ బిస్కెట్ డబ్బాల్లో తెచ్చి నాకు అప్పజెప్పాడు.

"నేనొచ్చీసరికి ఆళ్లకో యుద్ధరంగం కట్టీరా బామ్మర్దీ. కొత్త కళ్లతోటి మొదట అదే సూడాల" అన్నాడు.

బావ మనసులో ఉన్నది పచ్చటి మైదానం. నాకు ఆనలేదు. కొబ్బరి పీచుకి ఆకుపచ్చ రంగేస్తే మైదానం ఎవడైనా చేస్తాడు. రష్యా నుంచి మంచులో కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వస్తున్న సైన్యాన్ని చేస్తానని పట్టుబట్టాను. ఉద్దానంలో పుట్టి పెరిగిన నేను ఫ్రిజ్ లోపల తప్ప మంచు ఎక్కడా చూసింది లేదు. అయినా ఒకటి అనుకున్నానంటే బుర్రలోంచి పోదు, అదే నా జబ్బు.

అక్కుపల్లి సరుగుడు తోటలో ఏరుకొచ్చిన ఎండు పుల్లలు ఆకు రాల్చిన చెట్లయ్యాయి. జీడిగింజ పెంకులు రాళ్లయ్యాయి. మంచు దగ్గరే బండి ఆగిపోయింది. దూది పరిస్తే చర్చిలో క్రిస్మస్ పాకలా ఉంది. థర్మాకోల్ పొడి ఫ్యాను వేయగానే వంటింట్లోకి వలసపోయింది. మైదా చల్లితే చీమలు బారులు తీరి వచ్చాయి, ఫ్రెంచివాళ్లకన్నా మంచి క్రమశిక్షణతో.

ఆ వారంలోనే పనుండి నౌపడ వెళ్లాను. ఉప్పుమళ్ల గట్ల మీద కుప్పలు ఎండకి ధగధగా మెరుస్తున్నాయి. ఇదిగో మంచు, ఇన్నాళ్లూ కళ్లెదురుగా పెట్టుకుని ఎక్కడెక్కడో వెతికాను అనుకున్నాను. ఓ సంచీ తెచ్చి, మెత్తగా దంచి, జల్లించి, సైనికులు మోకాళ్లదాకా మునిగేలా పోశాను.

మా ఆవిడ చూసింది. "ఏటండీ, ఉప్పేటి? జాడీలో ఉన్నదే ముసురుకి నీరైపోతాది. బొమ్మలు పాడైపోవా?" అంది.

"వంట సంగతి నువ్వు చూసుకో, యుద్ధం సంగతి నేను చూసుకుంటాను" అని కసిరాను. ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పైన అద్దాల పెట్టె బిగించాను. రెండు రోజుల్లో వాయుగుండం పట్టి, వాన వదలకుండా కురిసింది. అద్దాలకి లోపలివైపు పొగమంచు కమ్మింది. నా ఆనందం చెప్పలేను. రష్యా చలి దానంతటదే వచ్చిందని ఫోటో తీసి పంపాను. బావని ఇంకా ఫోన్ చూడనివ్వడం లేదు గనక అక్కే చూసి, చాలా బాగుందని ఆయనకి చెప్పిందట.

రెండు వారాల తర్వాత, బావ వస్తున్న రోజు ఉదయం పెట్టె తెరిచాను. మంచు గంజిలా కారి, చెక్క అంచున మడుగు కట్టింది. సైనికుల్ని ఒక్కొక్కణ్ణే లేపి చూశాను. నడుం పైన అందరూ దొరబాబుల్లా ఉన్నారు. మోకాళ్ల కింద బూట్ల రంగు పొరలు పొరలుగా ఊడిపోయింది. లోహం మీద తెల్లటి పొక్కులు లేచి, గుంటలు పడ్డాయి. నలభై ఆరుగురికీ అంతే. పన్నెండేళ్లు కళ్లలో పెట్టుకు చూసుకున్నవాళ్లని నేను రెండు వారాల్లో ఊరబెట్టేశాను. మా ఆవిడ గుడ్డ తెచ్చి అందించింది. ముందే చెప్పానుగా అని దెప్పి ఉంటే నాకు బాగుండేది.

బావ నల్ల కళ్లద్దాలతో దిగాడు. "ఏరిరా మనోళ్లు?" అంటూ సరాసరి వరండాలోకి వచ్చాడు. రెండు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ నోట రాలేదు.

"తప్పు నాదే బావా. మంచని ఉప్పు పోశాను" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి, ఒక సైనికుణ్ణి వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. బొటనవేలితో ఆ కాళ్లు తడిమాడు. తిట్లు పడతాయని తల వంచుకు నిలబడ్డాను.

"మా అయ్య కాళ్లు ఇలాగే ఉండీవిరా" అన్నాడు.

వాళ్ల నాన్న ఉప్పుమళ్లలో పనిచేశాడని వినడమే గానీ, అంతకుమించి నాకు తెలీదు.

"పొద్దల్లా ఆ నీళ్లలో నిలబడితే తోలు ఇలాగే పొరలు లేసిపోద్ది. పగుళ్లలోకి ఉప్పు దిగిపోయీది. నా పెళ్లికని కొత్త సెప్పులు కొంటే, ఏసుకోలేక సేత్తో పట్టుకు తిరిగినాడు."

ఆ పెళ్లిలో నేనున్నాను. చెప్పులు చేత్తో పట్టుకు తిరుగుతున్న ఆ పెద్దాయన్ని చూసి, అరిగిపోతాయని దాచుకుంటున్నాడని ఆడపెళ్లివారమంతా పగలబడి నవ్వాం.

ఆ పూటంతా సైనికులకి మంచినీళ్ల స్నానాలు. మా ఆవిడ ఎవరూ అడక్కుండానే ముగ్గుపిండి డబ్బా తెచ్చి పెట్టింది. చిటికెడు చల్లి చూస్తే, అచ్చం మంచే. "ఇకమీదట సెల్లెమ్మని అడక్కుండా యుద్ధానికి దిగకురా" అని బావ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గానీ లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. బూట్లకి నల్లరంగు వేస్తూ వేస్తూ ఉండబట్టలేక, ఆ రోజు మేం నవ్విన సంగతి చెప్పేశాను. సిగ్గుతో ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

"తెలుసురా. ఆయనా మీతోటి కలిసి నవ్వినాడు. నొప్పని సెప్తే పెళ్లి సంబరం పాడైపోద్దని" అన్నాడు బావ.

తర్వాత నా చేతిలోంచి బ్రష్షు తీసుకుని, మిగిలిన బూట్లన్నిటికీ తనే రంగు వేశాడు.