ఆది లేకుండా విప్పిన చక్రాలు

ఎప్పుడు చూసినా పెద్దతాత ఉద్యోగం గురించి అడుగుతారు, పెద్దతాత మీసాల గురించి అడుగుతారు. టేపుతాత గురించి మీలో ఒక్కరన్నా నోరు తెరిచి అడిగారా? మీరు పుట్టాక తొడుక్కున్న మొదటి చొక్కా ఆకాశంలోంచి ఊడిపడిందనుకున్నారా? ఆ ఫోన్లు అవతల పడేసి వినండి.

టేపుతాత అంటే నా మరిది, మీ పెద్దతాతకు తమ్ముడు. దర్జీ. మెడలో టేపుతోనే అన్నం తినేవాడు, టేపుతోనే నిద్రపోయేవాడు. ఒంటికి సరిగ్గా పట్టిన పాత చొక్కా ఆదిగా తెచ్చిస్తే తప్ప కత్తెర ముట్టేవాడు కాదు. "కొలిచేటప్పుడు మీరంతా పొట్ట లోపలికి పీలుస్తారు. పాత చొక్కా అబద్ధమాడదు, అది పట్రండి" అనేవాడు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి ఆది లేకుండా పనిలోకి దిగాడు. అదీ బట్ట మీద కాదు, కారు మీద.

అతని భార్య కళ్లలో శుక్లాలు ముదిరాయి. చొక్కాలకు కాజాలు కుట్టే మనిషి సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చింది. అయినా ఆపరేషన్ అంటే హడలు. రెండుసార్లు తేదీ ఇస్తే రెండుసార్లూ ఎగ్గొట్టింది, ఒకసారి జలుబని, ఒకసారి పాడు కల వచ్చిందని. మూడోసారి సోమవారం పొద్దున్నే రమ్మన్నారు. "మన కారైతేనే వస్తాను, ఇంకెవరి బండీ ఎక్కను" అని షరతు పెట్టింది. శనివారం ఆ కారు బ్రేకు తొక్కితే కీచుమంది. మెకానిక్కుకు ఫోన్ చేస్తే, ముందు చక్రాల ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయి, మార్చాలి, నేను బుధవారం దాకా ఊళ్లో ఉండను అన్నాడు.

"బుధవారమా? అయితే ఆపరేషన్ లేనట్టే" అంది భార్య. ముఖం వెలిగిపోతోంది.

ఆ వెలుగు చూసి టేపుతాతకు ఒళ్లు మండింది. ఈసారి తప్పితే ఆమె మళ్లీ ఒప్పుకోదు. వెంటనే వెళ్లి కొత్త ప్యాడ్లు తెచ్చాడు. "కుట్టు విప్పి కుట్టినట్టేగా. ఎంతసేపు?" అన్నాడు.

ఆదివారం ఇంటి ముందు కారును జాకీతో ఎత్తి, కింద చెక్కదిమ్మలు పెట్టి, ఉత్సాహం కొద్దీ ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు. చక్రం వెనక ఇనప పళ్లెం, దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపే ప్యాడ్లు. పాతవన్నీ లాగి దుప్పటి మీద కుప్ప పోశాడు. ఒక చక్రాన్ని కదపకుండా ఉంచుకుంటే అదే ఆది అయ్యేది. ఆ ముక్క కొత్త ప్యాడ్ చేతిలోకి వచ్చాక గానీ గుర్తు రాలేదు.

ప్యాడ్‌కు ఒక పక్క నున్నటి రేకు, రెండో పక్క నల్లటి గరుకు. ఏది లోపలికి? తిప్పాడు. మళ్లీ తిప్పాడు. టేపు పెట్టి కొలిచాడు. రెండు పక్కలా కొలత ఒకటే, టేపు మాత్రం ఏం చెబుతుంది?

"కోటు లైనింగ్‌లో నున్నటిదే కదా ఒంటికి తగిలేది" అని గొణుక్కుని, రేకు వైపు పళ్లేనికి ఆనించి బిగించేశాడు.

చక్రాలు తగిలించి, కారు దించి, ఎక్కి బ్రేకు తొక్కితే పెడల్ నేల దాకా దిగిపోయింది. టేపుతాత బయటికి దూకాడు.

"ఏమైందండీ?" అంది అరుగు మీద కూర్చున్న భార్య.

"తొక్కితే లోపలికెళ్లిపోయిందే!"

"కుట్టుమిషను కూడా మొదట్లో మొరాయిస్తుంది. ఇంకో నాలుగుసార్లు తొక్కండి."

తొక్కితే గట్టిపడింది. ఎందుకు గట్టిపడిందో అతనికీ తెలియదు, సలహా ఇచ్చిన ఆమెకూ తెలియదు. నడక వేగంతో గేటు దాకా పోనిచ్చి బ్రేకు వేశాడు. ఇనుము మీద ఇనుము గీసిన గోలకు వీధి వీధంతా బయటికొచ్చింది.

"ఏమయ్యా, ఏనుగును ఇస్త్రీ చేస్తున్నావా?" అన్నాడు ఎదురింటి మేష్టారు.

మళ్లీ ఎత్తి, మళ్లీ విప్పి, మెట్టు మీద కూలబడ్డాడు. "ఈ గోల ప్యాడ్ తిరగేసినందుకో, బిగింపు కుదరకో తెలియట్లేదు. ఎటు పెట్టినా తప్పే అనిపిస్తోంది. నా బుర్ర పనిచేయట్లేదే."

ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆపరేషన్ తప్పిపోయేది. అయినా లేచి, తడుముకుంటూ దుప్పటి దగ్గరికి వెళ్లి, పాత ప్యాడ్ ఒకటి తీసి రెండు పక్కలా బొటనవేలితో రాసింది.

"ఏమండీ, చొక్కా కాలరు ఎక్కడ అరుగుతుంది?"

"మెడకు రాసుకునే చోట."

"దీని గరుకు వైపు అరిగి పొరంత మిగిలింది. రేకు అలాగే ఉంది. మరి పళ్లేనికి రాసుకునేది ఏది? ఆదిని కుప్పలో పడేసుకుని ఊరంతా వెతుకుతారేం?"

టేపుతాత ఆమె వైపు చూశాడు. "చెప్పకపోతే నీ ఆపరేషన్ తప్పేదిగా?"

"తప్పేది. మీరేమో ఈ బ్రేకులతోనే కారు వేసుకుని తిరుగుతారు" అంది విసురుగా.

సోమవారం కారు చప్పుడు చేయకుండా ఆసుపత్రి ముందు ఆగింది. మర్నాడు కట్టు విప్పగానే ఆమె మొగుణ్ని ఎగాదిగా చూసి, "ఇంత ముసలాడైపోయారా? నాకెవరూ చెప్పలేదేం?" అంది. బుధవారం మెకానిక్కు వచ్చి చూసి, అంతా సరిగ్గానే ఉంది, ఎవరు బిగించారని అడిగాడు. టేపుతాత భార్య వైపు చెయ్యి చూపించాడు.

ఆ అరిగిన ప్యాడ్ కుట్టుమిషను మీదే ఉండిపోయింది. పని లేనప్పుడు దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు. పెడల్ ముందు ఎందుకు దిగిపోయిందో, తర్వాత ఎందుకు గట్టిపడిందో చివరిదాకా అంతుపట్టలేదు. పోయేనాటికి అతనికి డెబ్భై రెండేళ్లు.